ధమని మూసుకుపోయిందా, మందు అందలేదా: కాలి డ్యూయల్ ఎనర్జీ సీటీ యాంజియో కేసు ఒకటి

కృష్ణా డెల్టా నుంచి వచ్చిన రైతు. వయసు 67, బరువు 56 కిలోలు. సుగరు మొదలై 18 ఏళ్లు, చుట్ట అలవాటు అంతకు రెట్టింపు కాలం. కుడి కాలి బొటనవేలి కొన నల్లబడింది, పక్కనే మానని పుండు. నెల రోజులుగా రాత్రిళ్లు పడుకోలేక, మంచం అంచున కూర్చుని కాలు కిందికి వేలాడదీసి నిద్రపోతున్నాడని కొడుకు చెప్పాడు. కాలు కిందికి వేలాడితే రక్తం నాలుగు చుక్కలు ఎక్కువ దిగి నొప్పి కాస్త సద్దుకుంటుంది. ఆ మాట వినగానే ధమనుల జబ్బు ఎంత ముదిరిందో సగం తెలిసిపోతుంది.

కొడుకు చేతిలోని కవర్లో ఆరు రోజుల కిందట వేరే ఊళ్లో తీసిన సీటీ యాంజియో (అయోడిన్ ఉన్న కాంట్రాస్ట్ మందుని రక్తంలోకి ఎక్కించి ధమనుల్ని తెల్లగా చూపే స్కాన్) ఉంది. రిపోర్టు చివరి వాక్యం: కుడి మోకాలి కింద మూడు ధమనులూ పూర్తిగా మూసుకుపోయాయి. దాని అర్థం బెలూన్ (ధమని లోపల ఉబ్బించి దారి తెరిచేది) వెయ్యడానికీ బైపాస్ కుట్టడానికీ కింద చోటు లేదని. అంటే మోకాలి కింద కాలు తీసెయ్యడమే.

మా వాస్కులర్ (రక్తనాళాల) సర్జన్ గారు ఆ రిపోర్టు చదివి, పాదం పైన చేతి డాప్లర్ (రక్త ప్రవాహాన్ని చప్పుడుగా వినిపించే చిన్న పరికరం) పెట్టి చూశారు. సన్నగా, దూరంగా చప్పుడు వినిపించింది. రేడియాలజిస్టునైన నాకు ఫోన్ చేసి, "మూడూ మూసుకుపోతే ఈ చప్పుడు ఎక్కడిదండీ?" అన్నారు. కేసు నా దగ్గరికి వచ్చింది ఆ ప్రశ్నతోనే.

సీడీ తెరిచి చూశాను. పొత్తికడుపులో మహాధమని 400 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు (సీటీలో తెలుపు కొలత) దాటి మెరిసిపోతోంది. తొడల వరకూ బాగానే ఉంది. ఎడమ కాల్లో పిక్క మధ్యకి వచ్చేసరికి మందు పలచబడింది. కుడి కాల్లో మోకాలి నుంచి కిందికి అసలు ఏమీ లేదు, కాల్షియం తెల్ల గీతలు తప్ప. స్కాన్ వివరాల్లో లెక్క దొరికింది. దాదాపు 1200 మి.మీ. పొడవుని 14 సెకన్లలో ముగించారు. బల్ల సెకనుకి 85 మి.మీ. కదిలింది. రక్తం ఆ వేగంతో దిగలేదు.

మహాధమని నుంచి మోకాలి దాకా కాంట్రాస్ట్ దిగే వేగం అందరిలో ఒకటి కాదు. ధమనుల జబ్బున్న వాళ్లలో సెకనుకి 29 మి.మీ. నుంచి 177 మి.మీ. వరకు కొలిచిన పరిశోధన ఉంది. 29 వాడినీ 177 వాడినీ ఒకే వేగంతో స్కాన్ చేస్తే ఒకడి కాలు ఖాళీగా కనిపిస్తుంది. యంత్రం కొత్తదయ్యేకొద్దీ ఈ ప్రమాదం పెరుగుతోంది తప్ప తగ్గడం లేదు. వేగంగా తిరగగలదు కాబట్టి తిప్పేస్తాం. ఎడమ కాల్లో కూడా మందు తగ్గుతూ పోవడం చూశాక, కుడి కాలి మీద "మూసుకుపోయింది" అన్న మాటని నేను నమ్మలేకపోయాను. తెరిచి ఉందని చెప్పడానికీ నా దగ్గర ఆధారం లేదు. మళ్లీ తీయాల్సిందే.

చిక్కు కిడ్నీ దగ్గర వచ్చింది, ఈ మందు దాని మీద భారం వేయగలదు కాబట్టి. మొదటి స్కాన్‌కి ముందు క్రియాటినిన్ (కిడ్నీ పని తగ్గితే రక్తంలో పెరిగేది) 1.6. మా దగ్గర చూస్తే 1.8, ఈజీఎఫ్ఆర్ (కిడ్నీల వడపోత వేగం) 41. అప్పటికే మి.లీ.కి 350 మి.గ్రా. అయోడిన్ ఉన్న మందు 100 మి.లీ. ఎక్కించారు, అంటే 35 గ్రాముల అయోడిన్. మరో 35 గ్రాములు ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు, నెఫ్రాలజిస్టు (కిడ్నీ డాక్టరు) ఎలాగూ ఒప్పుకోరు. ఉత్త డాప్లర్‌తో సరిపెడదామంటే పిక్క ధమనుల గోడలన్నీ కాల్షియమే, దాని నీడలో లోపల ఏముందో కనపడదు. ఎమ్మార్‌కి (ఎమ్మారై) అరగంట కాలు చాపి పడుకోవాలి, ఆయన ఐదు నిమిషాలు కూడా చాపలేడు. నేరుగా క్యాథ్‌ల్యాబ్‌కి (ధమనిలోకి వైరు, బెలూన్ పంపే గదికి) తీసుకెళ్లొచ్చు గానీ, ఎక్కడినుంచి సూది వెయ్యాలో, కాలు నిలుస్తుందని ఇంటివాళ్లకి ఎంత ఆశ చెప్పాలో ముందే తెలియాలని సర్జన్ పట్టుబట్టారు. న్యాయమే.

చివరికి నెఫ్రాలజిస్టుతో 50 మి.లీ.కి ఒప్పందం కుదిరింది. ముందూ వెనకా సెలైన్, మెట్‌ఫార్మిన్ (సుగరు మాత్ర) 48 గంటలు ఆపాలి. అయోడిన్ 17.5 గ్రాములు, మొదటిసారి ఇచ్చిన దాంట్లో సరిగ్గా సగం. ఆ సగంతో అంతకన్నా మంచి బొమ్మ కావాలి.

సగం మందుతో ఎలా

అయోడిన్‌కి ఒక గుణం ఉంది. ఎక్స్‌రే శక్తి తగ్గి 33 కేఈవీ (ఎక్స్‌రే శక్తి కొలత) దగ్గరికి వచ్చేకొద్దీ అది కిరణాల్ని విపరీతంగా పీల్చుకుంటుంది, సీటీలో అంత తెల్లగా కనిపిస్తుంది. రెండు వేర్వేరు శక్తులతో ఒకే చోటుని స్కాన్ చేస్తే (ఇదే డ్యూయల్ ఎనర్జీ), ఆ రెంటి తేడా నుంచి "ఒకే శక్తి గల కిరణంతో తీసి ఉంటే ఎలా ఉండేదో" ఆ బొమ్మని లెక్కగట్టొచ్చు. దాన్నే వర్చువల్ మోనో ఎనర్జిటిక్ బొమ్మ అంటాం, వాడుకలో మోనో. మామూలు 120 కేవీ (ట్యూబుకిచ్చే వోల్టేజీ) స్కాన్ సుమారు 70 కేఈవీ మోనోకి దగ్గరగా ఉంటుంది. అదే 50 కేఈవీకి దింపితే అయోడిన్ తెలుపు రెట్టింపు దాటుతుంది, 40కి దింపితే మూడింతలు దాటుతుంది. సగం మందు ఇచ్చినా 50 దగ్గర చూస్తే పూర్తి మందు ఇచ్చినట్టే ఉండాలి. కాగితం మీద.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. హౌన్స్‌ఫీల్డ్ (సీటీని కనిపెట్టినవాడు) 1973లో సీటీ గురించి రాసిన తొలి పేపర్లోనే రెండు వోల్టేజీలతో తీస్తే అయోడిన్‌నీ కాల్షియంనీ విడదీయొచ్చని చెప్పాడు. అల్వారెజ్, మకోవ్‌స్కీ 1976లో దానికి లెక్క రాశారు. యంత్రాలు ఆ మాటని అందుకోవడానికి మరో మూడు దశాబ్దాలు పట్టింది.

మా దగ్గరున్నది రెండు ట్యూబుల యంత్రం, రెండో తరం. ఒక ట్యూబు 80 కేవీ మీద, రెండోది తగరం ఫిల్టర్ పెట్టిన 140 కేవీ మీద ఒకేసారి తిరుగుతాయి. తగరం ఎందుకంటే 140 కిరణాల్లోని మెత్తటి భాగాన్ని అది వడగట్టేస్తుంది, అప్పుడు రెండు శక్తుల మధ్య ఎడం పెరుగుతుంది. రెండు ట్యూబులంటే రెండింతల రేడియేషన్ అని జనం అనుకుంటారు. మామూలు స్కాన్‌కి ఇచ్చే మోతాదునే రెంటికీ పంచుతాం. లావుపాటి మనిషైతే 80కి బదులు 100 పెడతాను, లేకపోతే కటి దగ్గర బొమ్మ గరుకుగా తయారవుతుంది. ఈయన సన్నటి మనిషి, 80 చాలు.

ఇక మందు. 50 మి.లీ.ని ఎప్పటిలాగే సెకనుకి 4 మి.లీ. చొప్పున ఎక్కిస్తే పన్నెండున్నర సెకన్లలో అయిపోతుంది. పైనుంచి కింది దాకా నలభై సెకన్ల స్కాన్‌కి పన్నెండు సెకన్ల మందు ఏ మూలకి? మహాధమని దాటేసరికి తోక కూడా మిగలదు. అందుకే బలం తగ్గించి నిడివి పెంచాం. ఇంజెక్టర్‌లోని రెండు సిరంజీల నుంచి మందూ సెలైనూ సగం సగం కలిపి, మొత్తం 100 మి.లీ., సెకనుకి 3.5 మి.లీ. చొప్పున ఇస్తే ఇరవై ఎనిమిదిన్నర సెకన్లు వస్తుంది. వెనకే 40 మి.లీ. ఉత్త సెలైన్. సెకనుకి ధమనుల్లోకి వెళ్లే అయోడిన్ 0.6 గ్రాములే, మామూలుగా మేమిచ్చే దాంట్లో సగం కన్నా తక్కువ. ఆ లోటుని 50 కేఈవీ పూడ్చాలి.

బల్ల వేగం సెకనుకి 28 మి.మీ. 1180 మి.మీ. పొడవు, 42 సెకన్లు. సెకనుకి 30 దాటకూడదని కాళ్ల యాంజియోకి నేను పెట్టుకున్న గీత. పిచ్ (ఒక్కో చుట్టుకి బల్ల జరిగే దూరం) తగ్గించి, ఒక్కో చుట్టు సమయాన్ని అర సెకనుకి పెంచితే ఆ వేగం వచ్చింది. ఇవి కాక, మొదటి స్కాన్ అవ్వగానే వేళ్ల నుంచి మోకాలి పైదాకా వెనక్కి వస్తూ ఇంకో స్కాన్ ముందే సిద్ధం చేసి పెట్టాం. అవసరం లేకపోతే ఆపేయొచ్చు. అప్పటికప్పుడు సెట్ చేద్దామంటే మందు ఆగదు.

బల్ల మీద

బొమ్మ నాణ్యత గురించి మాట్లాడేటప్పుడు అందరూ సాఫ్ట్‌వేర్ దగ్గర మొదలుపెడతారు. నా అనుభవంలో సగం బొమ్మ బల్ల మీదే తయారవుతుంది, సగం చెడేదీ అక్కడే.

మా యంత్రంలో మొదటి ట్యూబు 50 సెం.మీ. వెడల్పు చూస్తుంది, రెండోది 33 సెం.మీ. మాత్రమే. ఆ 33 బయట పడిన భాగానికి డ్యూయల్ ఎనర్జీ సమాచారం ఉండదు, మోనో బొమ్మలో అక్కడ అంచు తెగిపోతుంది. కాళ్లు ఎడంగా పెట్టి పడుకుంటే రెండు పాదాలూ ఆ గీత దాటిపోతాయి. కాబట్టి రెండు కాళ్లూ దగ్గరికి చేర్చి, మోకాళ్ల పైనా చీలమండల పైనా వెల్‌క్రో పట్టీ వేసి, పాదాల్ని లోపలికి తిప్పి, సరిగ్గా మధ్యలోకి తీసుకురావాలి.

మాట వరసకి చెప్పడం తేలిక. ఆయన కుడి కాలు చాపగానే నొప్పితో వెనక్కి లాగేసుకున్నాడు. మా టెక్నీషియన్ ఓపికమంతుడు. "బాబాయ్ గారూ, పట్టీ పుండుకి తగలకుండా కడతాను, మీరు ఒక్క నిమిషం ఓర్చుకోండి చాలు" అంటే, "ఒక్క నిమిషమైతే ఓర్చుకుంటాను గానీ నాయనా, కాలు నా మాట వినదు" అన్నాడాయన. అది నిజం. అందుకే ముందే నొప్పి ఇంజెక్షన్ ఇప్పించి ఇరవై నిమిషాలు ఆగాం. అంతసేపూ కాలు కిందికి వేలాడదీసుకునే కూర్చోనిచ్చాం. ఆ ఇరవై నిమిషాలకి మా లిస్టు వెనకబడింది, బయట ఇద్దరు గొణిగారు. గది ఏసీకి పాదాలు చల్లబడితే రక్తనాళాలు ఇంకా ముడుచుకుంటాయని రెండు కాళ్ల మీదా దుప్పటి కప్పి, స్కాన్‌కి ముందు తీశాం.

కుడి మోచేతి మడతలో 18 గేజ్ కాన్యులా (మందెక్కించే సన్నటి గొట్టం). సెలైన్ తోసి చూశాం, వాపు లేదు.

ఇంక మొదలుపెడదాం అనుకుంటుండగా టెక్నీషియన్ స్క్రీన్ వైపు చూపించి, "మేడమ్, ట్రిగ్గర్ 150లోనే ఉంది" అన్నాడు. ఒక్క క్షణం గుండె ఆగినంత పనైంది. మహాధమనిలో తెలుపు 150 దాటగానే స్కాన్ దానంతట అదే మొదలయ్యేలా మా మామూలు ప్రోటోకాల్ ఉంటుంది. పూర్తి బలం మందుకి అది సరిపోతుంది. నీళ్లు కలిపిన మందుతో మహాధమని 170 దగ్గరికి చేరితే గొప్ప. 150 కోసం కూర్చుంటే స్కాన్ బాగా ఆలస్యంగా మొదలయ్యేది, ఆయన గుండె కాస్త మందగిస్తే అసలు మొదలయ్యేదే కాదు. రెండోసారి 50 మి.లీ. అడిగే మొహం నాకు ఎక్కడిది? 90కి దింపాం. ట్రిగ్గర్ తర్వాత 8 సెకన్లు ఆగి స్కాన్ మొదలు. పలచని మందు ప్రోటోకాల్ కాపీ చేసేటప్పుడు మందు దగ్గరి అంకెలు మార్చాం, ట్రిగ్గర్ దగ్గరి అంకె మర్చిపోయాం. అది రాసింది నేనే.

స్కాన్ సాఫీగా జరిగింది. మొదటిసారికే ఎడమ కాలు పాదం దాకా నిండింది. కుడి పిక్కలో ముందువైపు ధమని, అంటే యాంటీరియర్ టిబియల్, లీలగా కనపడింది. రెండో స్కాన్ వదిలాం. అందులో అదే ధమని చీలమండ దాకా స్పష్టంగా దిగింది.

అంటే మూడూ మూసుకుపోలేదు.

రెండో స్కాన్‌లో ఒక తలనొప్పి కూడా వచ్చింది. పుండున్న పాదంలో ఇన్‌ఫెక్షన్ వల్ల రక్తం ధమని నుంచి సిరలోకి తొందరగా దాటిపోతుంది. కుడి పాదంలో అప్పటికే సిరలు తెల్లబడటం మొదలైంది. ఒకే పాదం ఒకవైపు ఆలస్యం చేస్తుంది, మరోవైపు తొందరపెడుతుంది. డ్యూయల్ ఎనర్జీ అయోడిన్‌నీ కాల్షియంనీ విడదీస్తుంది గానీ, సిరలో ఉన్నదీ ధమనిలో ఉన్నదీ అదే అయోడిన్. పాదంలో ఏది ఏదో తెలుసుకోవాలంటే ఒక్కో నాళాన్నీ వేలు పెట్టి వెంబడిస్తూ పైకి వెళ్లాల్సిందే.

మెరుపూ స్పష్టతా

ఇప్పుడు అంకెలు. ఎడమ మోకాలి వెనుక ధమనిలో, పక్కనున్న కండరంలో కొలిచాను. 70 కేఈవీ దగ్గర ధమని 172, కండరం 58, నాయిస్ (బొమ్మలోని గరుకుదనం) 17. తేడాని నాయిస్‌తో భాగిస్తే 6.7 (ఈ నిష్పత్తి పెరిగేకొద్దీ ధమని స్పష్టంగా విడివడుతుంది). అదే 50 దగ్గర ధమని 312, కండరం 64, నాయిస్ 20, నిష్పత్తి 12.4. 40 దగ్గర ధమని 451, కండరం 70, నాయిస్ 26, నిష్పత్తి 14.7.

పాత తరం మోనోలో కేఈవీ దించేకొద్దీ తెలుపుతో పాటు నాయిస్ కూడా ఎగిసిపోయేది, 40 దగ్గర బొమ్మ ఇసక చల్లినట్టుండేది. ఇప్పటి మోనోలో తెలుపుని 40 నుంచీ, సన్నటి గీతల వివరాన్ని నాయిస్ అతి తక్కువుండే 70 దగ్గర్నుంచీ తీసుకుని కలుపుతారు. అందుకే నాయిస్ 17 నుంచి 26కి మాత్రమే పెరిగింది. అంకెలు చూస్తే 40 గెలిచింది. పేపర్లన్నీ ఈ అంకెనే చూపిస్తాయి. నేను మాత్రం ఈ కేసుని 40 దగ్గర చదవలేదు.

ఎందుకో విండో దగ్గర తెలుస్తుంది. మా యాంజియో విండో (స్క్రీన్ మీద నలుపు నుంచి తెలుపు దాకా చూపే విలువల పరిధి) వెడల్పు 600, మధ్య 150. అంటే 450 దాటినదంతా స్క్రీన్ మీద ఒకే తెలుపు. 40 కేఈవీలో ధమని లోపలి మందు 451. గోడలోని కాల్షియం 1000 పైన. రెండూ 450 దాటాయి కాబట్టి రెండూ ఒకే సున్నం. ధమని నిండుగా, అందంగా, వెడల్పుగా మెరుస్తూ కనిపిస్తుంది. లోపల దారి 80 శాతం మూసుకుపోయినా తెలియదు. బొమ్మ చూసి "అబ్బ, ఎంత బాగా వచ్చింది" అనిపించే చోటే జబ్బు దాక్కుంటుంది. పైగా తక్కువ కేఈవీలో కాల్షియం కూడా పెరుగుతుంది, అయోడిన్‌ అంత కాకపోయినా. దాని అంచులు చుట్టూ పొంగి లోపలి దారిని కప్పేస్తాయి.

విండోని 1500కి వెడల్పు చేసి మధ్యని 400కి జరిపితే 40లో కూడా రెండూ విడిపోతాయి. కానీ అప్పుడు సన్నటి కొమ్మలు మసకబడతాయి. అటూ ఇటూ చూసి నేను చేసింది ఇది: కాల్షియం తక్కువున్న తొడ ధమనుల్నీ, సన్నటి పిక్క కొమ్మల్నీ 50 దగ్గర చదివాను. కాల్షియం దట్టంగా ఉన్న ప్రతి చోటా 70కి వెళ్లి, విండో పెంచి, అడ్డకోతలో (కాలిని అడ్డంగా కోసినట్టు చూపే బొమ్మలో) మళ్లీ చూశాను. కేఈవీ జరిపే మీట మీద చెయ్యి పెట్టి నలభై నిమిషాలు. ఒక్క కేసుకి నలభై నిమిషాలంటే మా విభాగంలో విలాసం. కాలు పోతుందా నిలుస్తుందా అన్న ప్రశ్నకి ఆ మాత్రం ఇవ్వొచ్చు అనుకున్నాను.

సాఫ్ట్‌వేర్ కోసేసిన ధమని

ఎముకల్నీ గట్టి కాల్షియంనీ తీసేసి ఉత్త ధమనుల్ని చూపే మీట ఒకటుంది. సర్జన్లకి ఆ బొమ్మంటే ప్రాణం, క్యాథ్‌ల్యాబ్ బొమ్మలా ఉంటుంది కాబట్టి. తొడల దాకా అది నిజంగా అద్భుతం. ఇలియాక్ (కటి) ధమనుల్లో కాల్షియం ముద్దలు తీసేసి లోపలి దారి చక్కగా చూపించింది, నేను చేత్తో ఎంత కష్టపడ్డా అలా రాదు.

పిక్కలో కథ వేరు. అక్కడ ధమని వెడల్పు రెండు మూడు మి.మీ. యాంటీరియర్ టిబియల్ రెండు ఎముకల మధ్యనుంచి, వాటికి ఆనుకుని దిగుతుంది. ఎముక అంచు, గోడలోని కాల్షియం, లోపలి పలచని మందు, మూడూ ఒకటి రెండు పిక్సెల్స్‌లో కలిసిపోతాయి. సాఫ్ట్‌వేర్ ఆ పిక్సెల్‌ని కాల్షియం ఖాతాలో వేసిందంటే లోపలి దారి కూడా దాంతో పాటే పోతుంది. ఈ కేసులో అలాగే ఎముకలు తీసేసిన బొమ్మలో యాంటీరియర్ టిబియల్ పిక్క మధ్యలో ఆరు సెం.మీ. మేర తెగిపోయింది. పైనా కిందా ఉంది, మధ్యలో శూన్యం. అచ్చం మూసుకుపోయిన ధమనిలాగే.

70 కేఈవీ అడ్డకోతలో అదే చోట చూస్తే, కాల్షియం ఒకవైపు మందంగా కూర్చుని ఉంది, దాని పక్కన నెలవంకలా సన్నటి దారి. ప్రతి కోతలోనూ ఉంది. సన్నబడింది గానీ తెగలేదు.

ఈ బొమ్మ నాకు కొత్త కాదు. రెండేళ్ల కిందట ఇంకో పేషెంటుకి నేనే, పని ఒత్తిడిలో, ఎముకలు తీసేసిన బొమ్మ ఒక్కటే చూసి చీలమండ దగ్గర ధమని మూసుకుపోయిందని రాశాను. క్యాథ్‌ల్యాబ్‌లో అది నిక్షేపంగా పారుతూ కనిపించింది. సర్జన్ గారు పెద్దగా ఏమీ అనలేదు. "ధమని బానే ఉందండీ, మీ కంప్యూటర్ కోసినట్టుంది" అన్నారంతే. అరిచి ఉంటే బాగుండేది. అప్పటినుంచి ఆ బొమ్మని సర్జన్‌కి పంపేముందు అడ్డకోతలు చూసి, సాఫ్ట్‌వేర్ కోసిన చోట బొమ్మ మీదే బాణం గుర్తు పెట్టి పంపుతున్నాను.

నా రిపోర్టు: కుడి మోకాలి వెనుక పాప్లిటియల్ ధమని 5 సెం.మీ. మేర మూసుకుపోయింది, పక్క కొమ్మల ద్వారా కింద మళ్లీ నిండుతోంది. పోస్టీరియర్ టిబియల్ (పిక్క వెనకవైపు ధమని) పూర్తిగా మూసుకుపోయింది. పెరోనియల్ (పిక్క బయటివైపు ధమని) సన్నగా చీలమండ దాకా ఉంది. యాంటీరియర్ టిబియల్ తెరిచే ఉంది, రెండు చోట్ల బాగా ఇరుకు. అది పాదం పైన డార్సాలిస్ పీడిస్‌గా తెగకుండా కొనసాగుతోంది.

ఆ చివరి వాక్యం తప్పు.

క్యాథ్‌ల్యాబ్‌లో

మూడో రోజు ప్రొసీజర్. నేను కన్సోల్ వెనక నిలబడి చూశాను. పాప్లిటియల్ మూసుకుపోయిన చోటు చెప్పినట్టే ఉంది, వైరు దాటింది, బెలూన్ వేశారు. యాంటీరియర్ టిబియల్‌లో సాఫ్ట్‌వేర్ కోసేసిన ఆరు సెం.మీ. తెరిచే ఉంది, రెండు ఇరుకులూ నేను చూపిన చోటే ఉన్నాయి. ఇక పాదం. డార్సాలిస్ పీడిస్ మొదట్లో రెండు సెం.మీ. మూసుకుపోయి ఉంది, కింద చిన్న కొమ్మల ద్వారా నిండుతోంది. సన్నటి వైరుతో దాన్ని దాటడానికి సర్జన్ గారికి అదనంగా అరగంట పట్టింది.

ఆ సాయంత్రం వెనక్కి వెళ్లి చూశాను. ఆ రెండు సెం.మీ. ధమని గోడలో పలచని కాల్షియం గొట్టంలా ఉంది. 50 కేఈవీ దగ్గర దాని విలువ 380. పైన తెరిచి ఉన్న ధమనిలో మందు విలువ 290. నా విండోలో రెండూ దాదాపు ఒకే తెలుపు, కాబట్టి నా కన్ను దాన్ని మందు అనుకుని కలిపేసింది. అప్పటికి నలభై నిమిషాలు చదివి ఉన్నాను, పాదం దగ్గరికి వచ్చేసరికి అలసట. మీటని 100 కేఈవీ దాకా తోసి ఉంటే తెలిసేది. అలా తోసి చూస్తే తెరిచిన ధమని 290 నుంచి 97కి పడిపోయి కండరంలో కలిసిపోయింది. ఆ రెండు సెం.మీ. మాత్రం 160 దగ్గర నిలబడి, మసక చీకట్లో తెల్ల దారంలా కనిపిస్తూనే ఉంది. కేఈవీ పెరిగితే రెండూ తగ్గుతాయి, అయోడిన్ ముందు మాయమవుతుంది. ఏది మిగిలితే అది కాల్షియం. పది సెకన్ల పని. పై ధమనుల్లో కాల్షియం ఉన్న చోటల్లా మీట జరిపి చూశాను, దానికి చూడలేదు.

మా ప్రోటోకాల్ కాగితం కన్సోల్ పక్కన గోడకి అంటించి ఉంటుంది. దాని మీద ఆ వారం పెన్నుతో మూడు మార్పులు చేశాం. పలచని మందైతే ట్రిగ్గర్ 90. మోకాలి కింద రెండో స్కాన్ ప్రతి సుగరు పేషెంటుకీ సిద్ధంగా ఉండాలి. కాల్షియం ఉన్న ప్రతి ధమనీ పాదం చివరి దాకా 50లో ఒకసారి, 100లో ఒకసారి. మూడోదాని కింద టెక్నీషియన్ ఎర్ర పెన్నుతో గీత గీశాడు. నన్ను ఉద్దేశించే గీశాడని నాకు తెలుసు.

ఆయనకి బొటనవేలు ఒక్కటే తీశారు. క్రియాటినిన్ 48 గంటలకి 1.9కి వెళ్లి, మూడు వారాలకి 1.7కి దిగింది. మూడు నెలల తర్వాత డాప్లర్ చెకప్‌కి కర్ర పట్టుకుని తనే నడిచొచ్చాడు. బల్ల ఎక్కి రెండు కాళ్లూ చాపుకుని పడుకున్నాడు, ఎవరూ చెప్పకుండానే. నేను జెల్ రాస్తుంటే, "అమ్మా, మళ్లీ ఆ మందు ఎక్కిస్తారా?" అని అడిగాడు. ఈసారి సూదే లేదని చెప్పాను. "అయితే కానివ్వండి" అని కళ్లు మూసుకున్నాడు. పాదం పైన ప్రోబ్ పెడితే చప్పుడు దగ్గరగా వినిపించింది.